క్యాప్‌కి రంధ్రం పెట్టి రూట్ కెనాల్ చేస్తే పట్టు సడలుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

క్యాప్ వేయించుకున్న పన్నే మళ్ళీ నొప్పి పెడుతుంది. ఎక్స్‌రే తీసి, "లోపల నరం చచ్చిపోయింది, క్యాప్ పైనుంచే రంధ్రం పెట్టి రూట్ కెనాల్ చేద్దాం" అంటాం. అప్పటిదాకా నొప్పి గురించే మాట్లాడిన మనిషి ఒక్కసారిగా క్యాప్ గురించి బెంగపడతారు. ఆ బెంగలో అర్థముంది. కుర్చీలో నోరు తెరిచి కూర్చున్నప్పుడు ఎలాగూ అడగలేరు కాబట్టి, బయటికి వచ్చాక నన్ను అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

క్యాప్‌ని పట్టుకుని ఉండేది సిమెంటే కదా డాక్టరుగారూ?

సిమెంటు పాత్ర మీరు అనుకునేదానికన్నా చిన్నది. క్యాప్ వేసే ముందు పంటిని చుట్టూ అరగదీస్తాం కదా, ఆ మిగిలిన మొద్దే అసలు ఆధారం. స్టీలు డబ్బాకి మూత బిగుతుగా ఎందుకు కూర్చుంటుంది? రెండింటి గోడలూ దాదాపు నిలువుగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి. పంటి మొద్దుదీ అదే లెక్క. గోడలు ఎంత నిటారుగా ఉంటే పట్టు అంత. ఎదురెదురు గోడల వాలు మొత్తం కలిపి 6 డిగ్రీలు ఉంటే చాలా బాగున్నట్టు. నోట్లో చేయి తిరిగే చోటు తక్కువ కాబట్టి 10 నుంచి 20 డిగ్రీల దాకా పోయినా ఒప్పుకుంటాం. మొద్దు ఎత్తు దవడ పళ్ళకి కనీసం 4 మిల్లీమీటర్లు, ముందు పళ్ళకి 3 ఉండాలి. కింది దవడలో చివరి పళ్ళు సహజంగానే పొట్టివి. ఎక్కువగా ఊడే క్యాపులు కూడా అక్కడివే.

సిమెంటు విషయానికొస్తే, వందేళ్ళకు పైగా వాడుతున్న జింక్ ఫాస్ఫేట్ సిమెంటు పంటికి రసాయనికంగా అంటుకోదు. గరుకుగా ఉన్న రెండు ముఖాల మధ్య సందుల్లోకి దూరి గట్టిపడి, జారకుండా ఆపుతుంది, అంతే. గ్లాస్ అయానమర్ కొంత అంటుకుంటుంది. రెసిన్ సిమెంట్లు బాగా అంటుకుంటాయి. అయినా మొద్దు పొట్టిగా, గోపురంలా ఉంటే ఎంత ఖరీదైన సిమెంటైనా ఎన్నాళ్ళో కాయలేదు.

మరి రంధ్రం పెడితే పట్టు తగ్గుతుందా, తగ్గదా?

తగ్గుతుంది. ఆ మాట దాచడం నాకిష్టం లేదు.

దీన్ని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు. ఊడబెరికిన పళ్ళకి క్యాపులు అతికించి, కొన్నింటికి పైన రంధ్రం పెట్టి, యంత్రంతో నిలువుగా లాగి, ఎంత బలానికి ఊడివచ్చాయో చూస్తారు. రంధ్రం పెట్టినవి తక్కువ బలానికే ఊడివచ్చాయి. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1990 దశకంలో చేసిన పరీక్షల్లో ఆ రంధ్రాన్ని అమాల్గంతో (పాత వెండి ఫిల్లింగ్‌తో) గట్టిగా కూరి నింపాక మళ్ళీ లాగితే, పోయిన పట్టు తిరిగి వచ్చింది. కొన్నిటిలో ముందుకన్నా ఎక్కువే వచ్చింది.

ఎందుకో తెలియాలంటే గొడ్డలికి కామ బిగించడం చూసుండాలి. కామ కొసను గొడ్డలి కన్నంలోంచి పైకి తెచ్చి, ఆ కొసను చీల్చి, చీలికలో చెక్కముక్క పెట్టి కొడతారు. ఇక గొడ్డలి జారదు. క్యాప్ రంధ్రంలోంచి, పంటి మధ్యలో నరం ఉండే గది దాకా ఒకే ముద్దగా నింపిన ఫిల్లింగ్ చేసే పనీ అలాంటిదే. లోపల గది గోడల్ని పట్టుకుంటుంది, పైన క్యాప్‌ని పట్టుకుంటుంది. కాబట్టి రంధ్రం పెట్టారా లేదా అన్నదానికన్నా, దాన్ని దేనితో, ఎంత లోతు నుంచి, ఎంత శుభ్రంగా నింపారన్నదే క్యాప్ ఆయుష్షుని నిర్ణయిస్తుంది. ఈ పేజీలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకునేట్టయితే ఇది పెట్టుకోండి.

ఒక చిన్న మెలిక ఉంది. యంత్రం నిలువుగా లాగుతుంది, మనం అలా నమలం. నోట్లో క్యాప్ మీద పడేది పక్కకి ఒరిగించే బలం, అదీ రోజూ వేలసార్లు. కాబట్టి ప్రయోగశాల లెక్కను దారి చూపేదిగా తీసుకోవాలి, జాతకంలా కాదు.

డ్రిల్ అదురుకి లోపలి సిమెంటు పగిలిపోదా?

కొంత దెబ్బతినవచ్చు. పట్టు తగ్గడానికి అదీ ఒక కారణం. కొత్త పదునైన బర్‌తో (డ్రిల్ మొనతో), నీళ్ళు బాగా పోస్తూ, నొక్కకుండా చేస్తే అదురు తక్కువ. అరిగిపోయిన బర్‌తో బలవంతంగా తోస్తే ఎక్కువ. ఇంకో సంగతి: లోపల పాత పోస్ట్, అంటే వేరులోకి దించిన సన్న కడ్డీ, ఉంటే దాన్ని వదులు చేయడానికి అల్ట్రాసోనిక్ పరికరం వాడతాం. పోస్ట్ చుట్టూ సిమెంటు ఎలా విడిపోతుందో, క్యాప్ కింది సిమెంటు కూడా అలాగే విడిపోవచ్చు. అలాంటి కేసులో క్యాప్ కూడా ఊడే అవకాశం ఉందని ముందే చెప్పించుకోండి.

నాది జిర్కోనియా క్యాప్. పాత లోహపు క్యాప్‌తో పోలిస్తే తేడా ఏమిటి?

లోహం రంధ్రానికి బాగా ఓర్చుకుంటుంది. కార్బైడ్ బర్‌తో కోస్తే పగలదు, బీటలివ్వదు. లోపల లోహం, పైన పింగాణీ ఉన్న క్యాపుల్లో పింగాణీ అంచు పెచ్చులూడే భయం ఉంటుంది. అందుకే పింగాణీ పొరని డైమండ్ బర్‌తో మెల్లగా దాటి, లోహం తగిలాక కార్బైడ్‌కి మారతాం.

జిర్కోనియా మొండిది. డైమండ్ బర్లు ఒకటి రెండు అరిగిపోతాయి, సమయం పడుతుంది, నీళ్ళు ఆపితే వేడెక్కుతుంది. లిథియం డైసిలికేట్ అనే గాజులాంటి సిరామిక్ క్యాపుల్లో రంధ్రం అంచున కంటికి కనపడని సన్న బీటలు ఏర్పడవచ్చు. అవి ఈరోజు ఏమీ చేయవు. కొన్నేళ్ళకి అక్కడ మొదలై క్యాప్ విరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. సిరామిక్ క్యాప్ ఏదైనా సరే, "పని మధ్యలో విరిగితే కొత్తది వేయించాల్సి రావచ్చు" అని డాక్టరు ముందే చెప్పాలి. చెప్పకపోతే మీరే అడగండి.

రంధ్రం పెట్టడం మేలా, క్యాప్ మొత్తం తీసేయడం మేలా?

రంధ్రం పెడితే క్యాప్ దక్కుతుంది, ఖర్చు తగ్గుతుంది, లాలాజలం లోపలికి పోకుండా పంటి చుట్టూ వేసే రబ్బరు షీటు (రబ్బర్ డ్యామ్) బిగించడం తేలిక, రూట్ కెనాల్ జరిగినన్నాళ్ళూ నమలడానికి పన్ను ఉంటుంది. తీసేస్తే కింద ఏముందో కళ్ళారా కనిపిస్తుంది. ఈ రెండో మాటకి నేను ఎక్కువ విలువిస్తాను. క్యాప్ ఎక్స్‌రేని అడ్డుకుంటుంది, కాబట్టి దాని కింద అంచుల్లో నిశ్శబ్దంగా తినేసిన పుచ్చు బయటికి కనపడకపోవచ్చు. క్యాప్ తెల్లగా మెరుస్తూనే ఉంటుంది, కింద మొద్దు మెత్తబడి ఉంటుంది. ఆ పుచ్చుని వదిలేసి పైనుంచి ఎంత అందంగా రూట్ కెనాల్ చేసినా, క్యాప్ మొద్దుతో సహా ఒకరోజు చేతికి వస్తుంది.

ఇంకో ఇబ్బంది దిక్కు తప్పడం. క్యాప్ చేసిన టెక్నీషియన్ పన్ను వంకరని సరిచేసి, పైకి తిన్నగా కనిపించేలా చేసుంటారు. లోపల వేరు మాత్రం తన వంకరలోనే ఉంటుంది. పైన కనిపించే ఆకారాన్ని నమ్మి తిన్నగా డ్రిల్ చేస్తే గది బదులు పక్క గోడలోకి పోయే ప్రమాదం ఉంది. దారి వెతుక్కుంటూ రంధ్రం పెద్దదవుతుంది, లోపలి కోర్, అంటే పోయిన పన్ను బదులు క్యాప్ కింద కట్టిన ఫిల్లింగ్ ముద్ద, అనవసరంగా పోతుంది. పై దవడ మొదటి పెద్ద పంటిలో తరచుగా ఉండే నాలుగో వేరు కాలువ దొరకకపోవడానికీ ఇదొక కారణం.

నా పద్ధతి ఇది: అంచులు బిగుతుగా ఉండి, క్యాప్ కదలకుండా, అంచున ఎక్కడా పుచ్చు తగలకపోతే రంధ్రమే. అంచులో సూది దిగుతున్నా, క్యాప్ నొక్కితే చుట్టూ తడి ఊరుతున్నా, దుర్వాసన వస్తున్నా తీసేయడమే. రంధ్రం పెట్టాక లోపల మెత్తటి పుచ్చు దొరికితే అప్పుడైనా మనసు మార్చుకోవాలి.

రంధ్రంలో ఏం నింపుతారు? ఏది గట్టిది?

ముందుగా ఒక అపోహ. వేరు కాలువల్లో నింపే గులాబీ రంగు గట్టా పర్చా ఒక చెట్టు పాలతో చేసిన రబ్బరు లాంటి పదార్థం. 1867 నుంచి పళ్ళలో వాడుతున్నారు. దానికీ క్యాప్ పట్టుకీ సంబంధం లేదు. అది కాలువని మూస్తుంది, దేన్నీ నిలబెట్టదు. క్యాప్‌ని నిలబెట్టేది ఆ పైన, గదిలోనూ రంధ్రంలోనూ నింపేది.

అమాల్గం, అంటే నల్లగా కనిపించే పాత వెండి ఫిల్లింగ్, ఈ పనికి నిజంగా మంచి పదార్థం. అంటుకోదు కానీ కూరితే ప్రతి మూలకీ చేరి తాళంలా బిగుస్తుంది. గదితో పాటు కాలువ నోళ్ళలోకి 2 నుంచి 4 మిల్లీమీటర్లు కూరితే పోస్ట్ లేకుండానే దవడ పంటికి బలమైన కోర్ వస్తుంది. 1980లో నయ్యర్ బృందం ప్రచురించిన ఈ పద్ధతిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది. అందులో పాదరసం ఉంది కాబట్టి ప్రపంచమంతా దాన్ని తగ్గిస్తోంది. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా అంతర్జాతీయ ఒప్పందాన్ని భారతదేశం 2018లో ఆమోదించింది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి ఆపేసింది. ఊళ్ళో దొరికే క్లినిక్కుల్లో కూడా దాని వాడకం తగ్గిపోయింది. పనితనం పరంగా దాని మీద నాకున్న గౌరవం మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది కాంపోజిట్, అంటే పంటి రంగు రెసిన్ ఫిల్లింగ్. పంటికి అంటుకుంటుంది, వెంటనే గట్టిపడుతుంది, రంగు కలుస్తుంది. దాని లోపం కుంచించుకుపోవడం. గట్టిపడేటప్పుడు పరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం తగ్గుతుంది. మామూలు కాంపోజిట్‌ని 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి ఒక్కో పొరకీ లైటు పెట్టాలి. లోతైన గదిలో ఒకేసారి కుమ్మరించి పైన లైటు వేస్తే అడుగు పచ్చిగానే ఉండిపోతుంది. లైటు తగలకపోయినా దానంతటదే గట్టిపడే డ్యుయల్ క్యూర్ కోర్ పదార్థాలు వచ్చింది ఇందుకే. ఇక క్యాప్ అంచుకి అంటించాలంటే ఒక్కో క్యాప్‌కి ఒక్కో మర్యాద: పింగాణీకి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, ఆపైన సిలేన్ అనే అంటించే ద్రవం; జిర్కోనియాకి సన్నని అల్యూమినా పొడితో గరుకు చేసి, దానికి అంటే ప్రైమర్. ఈ మెట్టు ఎగ్గొడితే ఫిల్లింగ్ పంటికి అంటుకుంటుంది కానీ క్యాప్‌కి అంటుకోదు. అంటే గొడ్డలి కన్నంలో చెక్కముక్క వదులుగా ఉన్నట్టే.

గ్లాస్ అయానమర్ ఒక్కదానితో మొత్తం నింపి వదిలేయడం నాకు నచ్చదు. తడి ఉన్నా అంటుకుంటుంది, ఫ్లోరైడ్ వదులుతుంది, అడుగు పొరగా భేషుగ్గా పనికొస్తుంది. నమిలే ముఖం మీద మాత్రం పెళుసు, అరిగిపోతుంది.

దూది గురించి కూడా చెప్పాలి. మధ్య అపాయింట్‌మెంట్లలో లోపల చిన్న దూది పెట్టడం పాత అలవాటు. ఇప్పుడు ప్లంబర్లు కుళాయికి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు లాంటిదే శుభ్రపరిచి వాడుతున్నారు. ఏది పెట్టినా ఆఖరి ఫిల్లింగ్ ముందు తీసేయాలి. దూది మీద వేసిన ఫిల్లింగ్ పరుపు మీద కట్టిన గోడ.

రూట్ కెనాల్ అయ్యాక నోట్లో లవంగం వాసన వచ్చింది. దానివల్ల ఇబ్బందా?

మంచి ప్రశ్న, చాలామంది డాక్టర్లు కూడా తేలిగ్గా తీసుకుంటారు. లవంగ నూనెలో ఉండే యూజినాల్, జింక్ ఆక్సైడ్‌తో కలిపిన మందుల్లో ఉంటుంది. నొప్పికి మంచిదే. కానీ రెసిన్ పదార్థాలు సరిగా గట్టిపడకుండా అది అడ్డుపడుతుంది. గది గోడలకి దాని పూత మిగిలిపోతే పైన వేసే కాంపోజిట్ గానీ రెసిన్ సిమెంటు గానీ పూర్తి పట్టు ఇవ్వవు. అందుకే ఆల్కహాల్‌తో తుడిచి, గోడల్ని పలుచగా గీకి శుభ్రం చేయాలి.

కాలువలు కడిగే సోడియం హైపోక్లోరైట్‌తోనూ అలాంటి చిక్కే. క్రిములను చంపడంలో దానికి సాటి లేదు. కానీ అది వదిలే ఆక్సిజన్ రెసిన్‌ని సరిగా గట్టిపడనివ్వదు. సోడియం ఆస్కార్బేట్, అంటే విటమిన్ సి లవణం, ఆ నష్టాన్ని చాలావరకు పూడుస్తుందని ప్రయోగాల్లో తేలింది. అమాల్గంకి ఈ గొడవలేవీ లేవు. ఎందుకంటే అది అంటుకోవడం మీద ఆధారపడదు.

నాకు రూట్ కెనాల్ మాత్రమే అయింది, క్యాప్ ఇంకా వేయలేదు. నాకూ ఇవన్నీ వర్తిస్తాయా?

మీకు ఇంకా ఎక్కువ వర్తిస్తాయి. మీ క్యాప్ ఈ ఫిల్లింగ్ మీదే కూర్చోబోతోంది.

రూట్ కెనాల్ చేస్తే పన్ను ఎండిపోయి పెళుసవుతుందని అంటారు. అసలు బలహీనత రూట్ కెనాల్ రంధ్రం వల్ల కాదు, పోయిన గోడల వల్ల. 1989లో చిన్న దవడ పళ్ళ మీద చేసిన ఒక ప్రసిద్ధ పరీక్షలో, రూట్ కెనాల్ దారి ఒక్కటే తెరిస్తే పన్ను బిగువు 5 శాతమే తగ్గింది. రెండు పక్క గోడలూ పోయేలా పెద్ద ఫిల్లింగ్ గుంట తవ్వితే 63 శాతం తగ్గింది. అందుకే పుచ్చు పక్కలకి పాకిన దవడ పళ్ళకి క్యాప్ తప్పదంటాం.

క్యాప్ అంచు కోర్ మీద ఆగకూడదు, దాన్ని దాటి కిందకి, మీ సొంత పంటి మీదకి దిగాలి. చుట్టూ కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తు అసలు పన్ను క్యాప్ కౌగిట్లో ఉండాలి. రోకలి కొసకి ఇనప పొన్ను ఎందుకు వేస్తారు? దంచేటప్పుడు కొస చీలకుండా. ఇదీ అదే. ఆ పొన్ను పట్టడానికి పన్ను మిగలకపోతే కోర్ ఎంత గట్టిదైనా క్యాప్, కోర్ రెండూ కలిసి ఊడతాయి, లేదా వేరు చీలుతుంది. చిగురు కొంచెం తగ్గించి గానీ, పంటిని తీగలతో కొద్దిగా పైకి లాగి గానీ ఆ ఎత్తు సంపాదించవచ్చు. రెండూ కుదరకపోతే పీకించుకోవడం గురించి నిజాయితీగా మాట్లాడుకోవాల్సిందే.

పోస్ట్ వేస్తే పన్ను గట్టిపడుతుందా?

గట్టిపడదు. పోస్ట్ పని కోర్‌ని పట్టుకోవడం వరకే. దానికి చోటు చేయడానికి వేరు లోపల తొలుస్తాం, అంటే వేరు ఇంకా పలుచనవుతుంది. దవడ పంటిలో గది విశాలంగా ఉండి గోడలు మిగిలి ఉంటే చాలాసార్లు అవసరమే రాదు.

సెలవుల్లో వచ్చి రూట్ కెనాల్ చేయించుకుని అమెరికా వెళ్ళిపోయాను. తాత్కాలిక ఫిల్లింగ్‌తో ఎన్నాళ్ళు ఉండొచ్చు?

వారాల్లో లెక్కపెట్టండి, నెలల్లో కాదు. కావిట్ లాంటి తాత్కాలిక ఫిల్లింగ్ కనీసం మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉంటేనే లాలాజలాన్ని ఆపుతుంది, అదీ రెండు మూడు వారాలు. ఆపైన అంచులు అరిగి తడి లోపలికి దిగుతుంది, తడితో పాటు క్రిములూ దిగుతాయి. కాలువలు దాదాపు మూడు నెలలు లాలాజలానికి తెరుచుకుని ఉంటే, నొప్పి లేకపోయినా రూట్ కెనాల్ మళ్ళీ చేయాలనేది చాలామంది పాటించే నియమం. విమానం ఎక్కే తేదీ దగ్గరలో ఉందని ముందే చెబితే తాత్కాలికానికి బదులు అదే రోజు కోర్ వేసి పంపవచ్చు. అప్పుడు క్యాప్ అక్కడ వేయించుకున్నా ఫరవాలేదు.

రంధ్రం ఎంత చిన్నగా పెడితే అంత మంచిది కదా?

ఒక హద్దు వరకే. సూది మొనంత రంధ్రంలోంచి రూట్ కెనాల్ చేసి ఫొటోలు పెట్టే సరదా ఒకటి నడుస్తోంది. కాలువ కనపడకపోతే శుభ్రం కాదు, శుభ్రం కాకపోతే క్యాప్ దక్కి పన్ను పోతుంది.

క్యాప్ సడలుతోందని ఎలా తెలుస్తుంది?

నాలుకతో నొక్కితే చిన్న కదలిక, నమిలినప్పుడు ఉప్పగానో చేదుగానో రసం ఊరడం, ఆ పంటి దగ్గరే వాసన, ఇదివరకు ఇరుక్కోని చోట పీచు ఇరుక్కోవడం. రూట్ కెనాల్ అయిన పంటికి నరం ఉండదు కాబట్టి నొప్పి మీకు ముందుగా చెప్పదు. ఇదే దొంగదెబ్బ. పుచ్చు లోపల ఎంత తిన్నా జివ్వుమనదు.

ఊడిపోయింది. ఇంట్లో ఫెవిక్విక్ ఉంది...

వద్దు. వక్కపొడి డబ్బాలో క్యాప్ పెట్టుకుని వచ్చిన ఒక పెద్దాయన అంతకుముందే రెండుసార్లు అలా అతికించుకున్నారు. ఆ జిగురు పొర గీకడానికే గంట పట్టింది, కింద మొద్దు అప్పటికి పాడైంది. ఊడిన క్యాప్‌ని కడిగి చిన్న డబ్బాలో తీసుకురండి. లోపలి ముద్దని మీరు గీకకండి. సిమెంటు క్యాప్‌లోనే ఉండిపోయిందా, మొద్దు మీద ఉందా, కోర్ కూడా క్యాప్‌తో వచ్చేసిందా అన్నది చూస్తేనే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. కోర్ లోపల ఇరుక్కుని వస్తే తిరిగి అతికించడం వృథా, కోర్ కొత్తగా కట్టాలి. ఊడినదాన్ని నోట్లో పెట్టుకుని నిద్రపోకండి, గొంతులోకి జారుతుంది.

నింపాక ఏం తినకూడదు?

కాంపోజిట్ అయితే మత్తు దిగాక తినొచ్చు. అమాల్గం అయితే ఆ రోజుకి ఆ పక్క నమలకండి. తరువాత కూడా పాకం ఉండలు, జీళ్ళు లాంటి అతుక్కునేవి క్యాప్‌ని నిలువుగా పైకి లాగుతాయి, అచ్చం ప్రయోగశాల యంత్రంలా. వక్క, ఎముక, చెరుకు గడ పక్కకి ఒరిగిస్తాయి. నిద్రలో పళ్ళు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్ వేయించుకోండి. ఫ్లాస్ చేసేటప్పుడు దారాన్ని పైకి లాగకుండా పక్కనుంచి జార్చి తీయండి.

క్యాప్ మీద పూడ్చిన మచ్చ కనిపిస్తోంది. కొత్త క్యాప్ వేయించుకోవాలా?

పై దవడ పంటిలో అయితే ఎవరికీ కనపడదు. కింది పంటిలో అయితే నవ్వినప్పుడు కనపడొచ్చు. రంగు కలిసే కాంపోజిట్‌తో పై పొర మార్చితే చాలు. అంచులు బిగుతుగా ఉన్న క్యాప్‌ని మచ్చ కోసం కోసి తీయించుకుంటే, తీసిన ప్రతిసారీ మొద్దు కొంచెం చిన్నదవుతుంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటూ, ఏడాదికి ఒక ఎక్స్‌రే తీయించుకుంటూ ఉంటే ఆ మచ్చతోనే ఏళ్ళ తరబడి నమిలేవాళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారు.